మంచం దగ్గరికొచ్చే అయస్కాంతం

విశాఖపట్నం

చి. లహరికి,

నీ మెయిల్, దానితోపాటు పంపిన రెండు ఆఫర్ లెటర్లూ చదివాను. ఒకటి హైదరాబాదులో, పెద్ద కంపెనీలో, ఆసుపత్రుల్లోని 1.5 టెస్లా, 3 టెస్లా ఎంఆర్ఐలకు సర్వీస్ ఇంజనీరు ఉద్యోగం. రెండోది బెంగళూరులో గుప్పెడు మంది నడుపుతున్న చిన్న కంపెనీ. మంచం దగ్గరికి తోసుకెళ్లే ఎంఆర్ఐ తయారుచేస్తామంటున్నారు. అన్నయ్య మొదటిదానికే ఓటేశాడని రాశావు. వెయ్యకేం చేస్తాడు? పీఎఫ్ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, పండక్కి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటావు. నీ మనసు రెండోదాని మీదుందని నువ్వు చెప్పక్కర్లేదు. మొదటిదాని గురించి రెండు లైన్లు రాసి, రెండోదాని గురించి రెండు పేజీలు రాశావు మరి.

ఆ రెండు పేజీల్లో ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. "బాబాయ్, పదేళ్లలో నీ పెద్ద మెషిన్ మ్యూజియంలో ఉంటుంది" అన్నావు. ఉండదమ్మా. నా అన్నం ఆ మెషినే పెట్టింది కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకోకు. పెద్దదాన్ని ఓడించడానికే చిన్నది పుట్టిందన్న నమ్మకంతో చేరితే ఆరు నెలల్లో నీరసపడిపోతావు. అది ఎవరికోసం పుట్టిందో తెలుసుకుని చేరితే మటుకు జీవితమంతా చెయ్యదగ్గ పని.

ముందు లెక్క చూడు. నీకు తెలిసిందే, కానీ మన లక్షల్లో కోట్లలో వేసుకుంటే బాగా పట్టుబడుతుంది. ఒంట్లో నీళ్లలోని హైడ్రోజన్ ప్రోటాన్లు అయస్కాంత క్షేత్రంలోకి రాగానే సగానికి ఇంచుక ఎక్కువ క్షేత్రం వైపు, ఇంచుక తక్కువ ఎదురువైపు తిరుగుతాయి. ఆ ఇంచుక తేడాయే మనకొచ్చే సిగ్నల్. ఒంటి వేడి దగ్గర, 1.5 టెస్లాలో, ఆ తేడా కోటికి యాభై. నువ్వు రాసిన 0.064 టెస్లా మెషిన్లో కోటికి రెండు. అంతటితో అయిపోలేదు. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ కాయిల్లో పుట్టే వోల్టేజీ కూడా తగ్గుతుంది. నా మెషిన్ 64 మెగాహెర్ట్జ్ దగ్గర వింటుంది, ఆ చిన్నది 2.7 దగ్గర, అంటే రేడియోలో మీడియం వేవ్ బ్యాండు దాటగానే వచ్చే చోట. అందుకని ఏ సాఫ్ట్‌వేరు వచ్చినా, పిట్యుటరీలో మూడు మిల్లీమీటర్ల గడ్డనో, చెవి లోపలి నరాన్నో చూపించడంలో అది నా మెషిన్తో పోటీపడలేదు. పడాల్సిన పని కూడా లేదు.

మరెందుకంటావా? ఆ సంగతి క్లాసులో కన్నా ఆసుపత్రి లిఫ్టులో బాగా తెలుస్తుంది.

న్యూరో ఐసీయూ ఏ మూడో అంతస్తులోనో ఉంటుంది. ఎంఆర్ఐ కిందనో, సెల్లార్లోనో ఉంటుంది. అంత బరువు పై అంతస్తులు మామూలుగా మోయవు. పైన వెంటిలేటర్ మీదున్న మనిషికి రెండ్రోజులుగా మత్తుమందు ఆపినా మెలకువ రాలేదనుకో. మెదడులో ఏం జరిగిందో చూడాలి. కిందికి తీసుకురావాలి. ముందు అనస్థీషియా డాక్టరు ఖాళీ అవ్వాలి. బీపీ నిలబెట్టే మందు సిరంజి పంపులో నడుస్తూ ఉంటుంది, ఆ పంపు మా ఎంఆర్ఐ గదిలోకి రాకూడదు. కాబట్టి పొడవాటి గొట్టాలు తగిలించి పంపును బయట పెడతారు. గొట్టం మారుస్తున్న ఆ అర నిమిషంలోనే బీపీ పడిపోవడం నేను కళ్లారా చూశాను. ఇనుప ఆక్సిజన్ సిలిండర్ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి, లోపలికి అల్యూమినియందే రావాలి. మాకు సరిపడే వెంటిలేటర్ లేకపోతే ఒక డాక్టరు పక్కనే నిలబడి సంచి నొక్కుతూ ఊపిరి పోయాలి. ట్రాలీ మార్చాలి. ఎలక్ట్రోడ్లు మార్చాలి. ఆ తరవాత నా వంతు: మట్టెలు, జడపిన్నులు, కాశీతాడు, మొలతాడుకున్న తాయెత్తు ఒక్కొక్కటే వెతికి తియ్యాలి. తెలివిలేని ఆడమనిషి మెళ్లో మంగళసూత్రం తీస్తామంటే అత్తగారు ససేమిరా అంటుంది. పసుపుకొమ్ము కట్టిన దారం మెళ్లో వేసి అప్పుడు తీస్తాం. మా సిస్టర్ డ్రాయర్లో పసుపుకొమ్ములు ఎప్పుడూ ఉంటాయి. ఈ గొడవంతా అయ్యాక అరగంట, ముప్పావుగంట స్కాను. మధ్యలో మానిటర్ అరిస్తే ఆపేసి బయటికి లాగడం. మళ్లీ అదే దారిన పైకి.

ఇదంతా ఇంత జాగ్రత్తగా ఎందుకు చేస్తామో నీకు వేరే చెప్పాలా? 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రి ఎంఆర్ఐ గదిలోకి ఆక్సిజన్ సిలిండర్ పట్టుకెళ్లిన మనిషి ప్రాణం పోయింది. ఆయన పేషెంటు కూడా కాదు, పేషెంటు తాలూకు మనిషి.

ఇప్పుడు అర్థమైంది కదా, ఆ చిన్న మెషిన్ ఎవరికోసమో. కదిలిస్తే ప్రాణానికి ముప్పు ఉన్నవాళ్ల కోసం. కిందికి తీసుకురావడం ఎందుకులే అని డాక్టర్లే ఊరుకున్నవాళ్ల కోసం. వాళ్లకి నా మెషిన్ ఇచ్చే గొప్ప బొమ్మ అందదు. వాళ్ల విషయంలో పోటీ నీ మెషిన్‌కీ నా మెషిన్‌కీ మధ్య కాదు, ఓ మాదిరి బొమ్మకీ అసలు బొమ్మే లేకపోవడానికీ మధ్య.

అమెరికాలో హైపర్‌ఫైన్ కంపెనీ వాళ్ల స్వూప్‌కి 2020లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మంచం పక్కకి తీసుకెళ్లే ఎంఆర్ఐలలో అలా అనుమతి పొందిన మొదటిది అదే. పోర్టబుల్ అన్నారు కదా అని చేత్తో ఎత్తేది అనుకుంటారు జనం. ఆరు వందల కిలోలు దాటి ఉంటుంది. చక్రాలు, మోటారు ఉన్నాయి కాబట్టి ఒక్క మనిషి నడిపించుకుపోతాడు, మామూలు లిఫ్టులో పడుతుంది, గోడ ప్లగ్గుకి పెడితే పనిచేస్తుంది, టాబ్లెట్ మీద నడుస్తుంది. శాశ్వత అయస్కాంతం కాబట్టి హీలియం గొడవ లేదు. నా మెషిన్లో మైనస్ 269 డిగ్రీల దగ్గర పదిహేను వందల లీటర్ల ద్రవ హీలియం ఉంటుంది, దాన్ని పసిబిడ్డలా చూసుకోవాలి. (ఏడు లీటర్లతోనే నడిచే పెద్ద మెషిన్లు కూడా 2018 నుంచి వస్తున్నాయి. అందుకే అన్నాను, మ్యూజియం మాట అప్పుడే ఎత్తకు.)

స్వూప్ రాగానే కొవిడ్ వచ్చింది. కనెక్టికట్‌లోని యేల్ ఆసుపత్రిలో ఐసీయూ మంచాల దగ్గరే 50 మందికి దానితో స్కాన్ చేశారు. అందులో 20 మంది కొవిడ్ వాళ్లు. ఆ ఇరవైలో ఎనిమిది మంది మెదడులో ఏదో ఒక తేడా కనిపించింది. కొవిడ్ లేని 30 మందిలో 29 మందికి కనిపించింది. ఆ రోజుల్లో కొవిడ్ పేషెంటును సెల్లారుకి దించి, మళ్లీ గదంతా శుభ్రం చెయ్యడం ఎంత పనో మేం పడ్డవాళ్లం కాబట్టి మాకు తెలుసు. ఆ పేపర్ చదివాక, ఇది బొమ్మలాటగాడి సరుకు కాదని నాకూ నమ్మకం కలిగింది. ఆ తరవాత ఎక్మో మీదున్న వాళ్లకు కూడా చేశారు. ఒంట్లోంచి రక్తం బయటికొచ్చి పంపులో తిరిగి లోపలికి పోతున్న మనిషిని నా గదిలోకి తీసుకురావడం ఊహకందని పని.

ఇక్కడిదాకా బాగుంది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన లెక్క ఇప్పుడు చెబుతాను, దీన్ని కాగితం మీద రాసి నీ బల్ల ముందు అంటించుకో.

అదే యేల్ వాళ్లు 2021లో ఇంకో పేపర్ వేశారు, మెదడులో రక్తస్రావాన్ని ఆ మెషిన్ పట్టుకుంటుందా అని. రక్తస్రావం ఉన్నవాళ్లు 56 మంది. అందులో 45 మందిది కనిపించింది. లేనివాళ్లు 88 మంది, అందులో 85 మందికి లేదని సరిగ్గా చెప్పగలిగారు. సెన్సిటివిటీ 80.4 శాతం, స్పెసిఫిసిటీ 96.6 శాతం అని రాస్తారు. మీ కంపెనీ బ్రోషర్లో ఆ రెండో అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నువ్వు మొదటి అంకె చూడు. 56లో 45 పోగా 11. ఆ పదకొండు మంది మెదడులో రక్తం ఉంది, తెర మీద కనపడలేదు.

పక్షవాతం వచ్చిన మనిషి నాలుగున్నర గంటల్లోపు వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తారు. ఇచ్చే ముందు స్కానులో ముఖ్యంగా చూడాల్సింది ఒక్కటే: లోపల రక్తస్రావం ఉందా, లేదా? ఉన్నవాడికి ఆ ఇంజక్షన్ ఇస్తే చంపినట్టే. ఆ ప్రశ్నకి సీటీ స్కాను కొద్ది నిమిషాల్లో తిరుగులేని జవాబు చెబుతుంది. ఐదుగురిలో ఒకరిని వదిలేసే మెషిన్‌ని అక్కడ సీటీ బదులు పెట్టకూడదు. పెడతామని ఎవడన్నా మార్కెటింగ్ మనిషి అంటే, ఆ మీటింగులో నువ్వు లేచి నిలబడాలి. జూనియర్‌ని కదా అని కూర్చోకూడదు.

అలాగని ఆ మెషిన్ పక్షవాతానికే పనికిరాదనుకోకు. మరుసటి ఏడాది రక్తనాళం మూసుకుపోయిన రకం పక్షవాతంతో 50 మందిని చూస్తే 45 మందిలో దెబ్బతిన్న చోటు కనిపించింది, నాలుగు మిల్లీమీటర్ల చిన్నవి కూడా కొన్ని దొరికాయి. నిన్న రక్తపు గడ్డ తీసేసిన పేషెంటుకి ఇవాళ వాపు పెరిగిందా, మెదడు మధ్యగీత పక్కకి జరిగిందా అని ఆరేసి గంటలకోసారి చూడాలంటే దీన్ని మించింది లేదు. రేడియేషన్ లేదు, కదిలించక్కర్లేదు, నర్సు పక్కనే ఉండొచ్చు. ఉంది అని చూపిస్తే నమ్ము. లేదు అని చూపిస్తే, "నాకు కనపడలేదు" అని చదువుకో. ఈ తేడా డాక్టరుకి రిపోర్టులోనే తెలిసేలా నీ మెషిన్ చెప్పగలగాలి. అది కూడా డిజైనే, కాయిల్ చుట్టడం ఒక్కటే డిజైను కాదు.

ఇలా ముందు ప్రశ్న తేల్చుకుని ఆ తరవాత మెషిన్ కట్టినవాళ్లు ఉగాండాలో ఉన్నారు. అక్కడ పసిపిల్లలకు ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక తలలో నీరు చేరుతుంది, తల పెరిగిపోతుంది. సర్జను చూడాల్సింది నీరెంత, మెదడెంత, ఎక్కడ గది కట్టుకుంది, అంతే. దానికి 1.5 టెస్లా అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్, డెల్ఫ్ట్, అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీల వాళ్లు, ఎంబరారా యూనివర్సిటీ వాళ్లతో కలిసి పనిచేశారు. చిన్న చిన్న నియోడిమియం అయస్కాంతాలు వేల సంఖ్యలో వలయంగా పేర్చితే లోపల 0.05 టెస్లా వస్తుంది. హాల్బాక్ అమరిక, నీ ప్రాజెక్టులో చేసిందే. 2022లో భాగాలు పట్టుకెళ్లి ఎంబరారాలోనే, అక్కడి ఇంజనీర్ల చేతులతోనే బిగించారు. చెడిపోతే బాగుచెయ్యడానికి విమానంలో ఎవరో రావక్కర్లేదు. సర్వీస్ ఇంజనీరు కోసం వారాల తరబడి ఎదురుచూసినవాడిగా చెబుతున్నాను, ఆ ఒక్క నిర్ణయానికి నేను దండం పెడతాను.

ఆ ఉగాండా పిల్లల పని నుంచే నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. పిల్లల సీటీ బొమ్మలను కావాలని మసకబార్చి, మళ్లీ ఏఐతో శుభ్రం చేసి, నిపుణులకు చూపించారు. మసక బొమ్మ కూడా వైద్యం నిర్ణయించుకోవడానికి చాలామటుకు పనికొచ్చింది. శుభ్రం చేసిన బొమ్మ కంటికి ఇంపుగా ఉంది, కానీ కొన్నింట్లో లేని ఆకారాలు పుట్టుకొచ్చాయి, ఉన్నవి జరిగిపోయాయి. మసకగా ఉంటే డాక్టరు జాగ్రత్తపడతాడు, నున్నగా ఉంటే నమ్మేస్తాడు. నీ కంపెనీ వాళ్లు ఏఐ లేకుండా బొమ్మ తియ్యలేరు, ఈ రోజుల్లో చాలామంది తియ్యడం లేదు. అది తప్పు కాదు. కానీ ఒక్క నొక్కుతో అసలు బొమ్మ, శుభ్రం చెయ్యకముందుది, తెర మీదికి వచ్చే వీలుండాలని పట్టుబట్టు. బొమ్మ అందం చూసి మురిసిపోయే జబ్బు మన ఫీల్డులో పాతదే. నేనే పోస్టర్లకు మంచి స్లైసులు ఏరి ఇచ్చేవాణ్ని, అడిగినవాళ్లు చెడ్డవి ఎప్పుడూ అడగలేదు.

గోల సంగతి కూడా నీకు ముందే చెప్పాలి. నా గది చుట్టూ రాగి రేకు కొట్టి ఉంటుంది, బయటి రేడియో తరంగం ఒక్కటి లోపలికి రాదు. నీ మెషిన్‌కి గది లేదు. ఐసీయూలో మంచానికి నాలుగు సిరంజి పంపులు, మానిటర్, వెంటిలేటర్, గాలిపరుపు మోటారు, ఎల్‌ఈడీ లైట్లు. అన్నీ 2 నుంచి 3 మెగాహెర్ట్జ్ మధ్య ఏదో ఒకటి వాగుతూనే ఉంటాయి. అందులో కోటికి రెండు ప్రోటాన్ల మాట వినాలి. పెళ్లిపందిట్లో బాజాలు మోగుతుంటే మూలనున్న ముసలావిడ గొణుగుడు వినడం లాంటిది. హాంకాంగ్ యూనివర్సిటీలో ఎడ్ వూ బృందం దీనికి దారి చూపించింది. మెషిన్ చుట్టూ అక్కడక్కడ చిన్న కాయిల్స్ పెట్టి గోలను విడిగా విని, ఏఐతో అసలు సిగ్నల్లోంచి తీసేశారు. 2021లో తల ఒక్కటే తీశారు. 2024లో అదే పద్ధతిలో 0.05 టెస్లాతో ఒళ్లంతా తీసి చూపించారు, రక్షణ గది లేకుండా, 1,800 వాట్ల మామూలు ప్లగ్గు మీద. వాళ్ల డిజైను ఇంటర్నెట్లో పెట్టారు, నువ్వు చదివే ఉంటావు. చదవడం వేరు, మన ఐసీయూలో పెట్టి చూడడం వేరు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలో స్కాను ఏమవుతుంది? స్పీడు తగ్గించిన ఫ్యాను రెగ్యులేటరు ఏం చేస్తుంది? ఇవి హాంకాంగ్ పేపర్లో ఉండవు.

వేడి కూడా అంతే. నియోడిమియం అయస్కాంతం ఒక డిగ్రీ వేడెక్కితే క్షేత్రం సుమారు వెయ్యింట ఒక వంతు పడిపోతుంది. నీ 2.7 మెగాహెర్ట్జ్‌లో అది 2.7 కిలోహెర్ట్జ్. మే నెలలో మధ్యాహ్నం ఏసీ ఆగి వార్డు ఐదారు డిగ్రీలు ఎక్కిందంటే మెషిన్ తన స్టేషన్ తనే వెతుక్కోవాలి. సమేరియం కోబాల్ట్‌కి ఈ బాధ చాలా తక్కువ, కానీ బలమూ తక్కువ, ధరా ఎక్కువ. ఆ మాటకొస్తే సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు చేసే ఐఆర్‌ఈఎల్ ఫ్యాక్టరీ మన విశాఖలోనే ఉంది, 2023 మేలో దేశానికి అంకితం చేశారు. టెక్నాలజీ భాభా అణు పరిశోధన కేంద్రంవాళ్లది, హైదరాబాదు డీఎంఆర్‌ఎల్ వాళ్లది. అది పెద్ద మొత్తాల్లో నీ మెషిన్‌కి సరఫరా చేస్తుందని అనడం లేదు. నియోడిమియం కోసం అందరం చైనా వైపే చూస్తున్నప్పుడు, అయస్కాంతం ఎక్కడిది, రేపు రాకపోతే ఏం చేస్తారు అని మీ కంపెనీని అడగడం మటుకు నీ హక్కు.

తక్కువ క్షేత్రం అనేది ఏదో కొత్త కనిపెట్టుడు అని కూడా ఎక్కడా అనకు, తెలిసినవాళ్లు నవ్వుతారు. 1980 ఆగస్టు 28న స్కాట్లాండులోని అబర్డీన్‌లో జాన్ మలార్డ్ బృందం మొదటి పేషెంటును పడుకోబెట్టిన మెషిన్ 0.04 టెస్లా. నీ మెషిన్ కన్నా తక్కువ! దానితోనే ఛాతీలో గడ్డ, కాలేయంలో తేడా, ఎముకలకు పాకిన క్యాన్సరు చూశారు. తరవాత కొద్ది ఏళ్లకే కంపెనీలన్నీ 1.5 వైపు పరిగెత్తాయి, ఎందుకంటే అక్కడ బొమ్మ బాగా అమ్ముడుపోయింది. నలభై ఏళ్లకి మళ్లీ మొదటి చోటికి రాగలిగామంటే కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్, అయస్కాంతాలు మారాయి కాబట్టి.

పేపర్లో బాగున్నది వార్డుకి రావడం వేరే ప్రయాణం. మాసచుసెట్స్ జనరల్ ఆసుపత్రివాళ్లు 2011లో బల్లమీద పెట్టుకునే చిన్న ఎన్ఎంఆర్ పరికరం చేశారు. బొమ్మ తియ్యదు, సన్నటి సూదితో తీసిన గడ్డ ముక్కకి నానో అయస్కాంత రేణువులు అంటించి గంటలోపు క్యాన్సరా కాదా చెబుతుంది, స్మార్ట్‌ఫోన్‌తో నడుస్తుంది. 50 మందిలో 96 శాతం సరిగ్గా చెప్పిందని రాశారు. చదివినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను. ఇన్నేళ్లయినా నేను పనిచేసిన ఏ వార్డులోనూ అది చూడలేదు. సైన్సు తప్పని కాదు. రోజూ ఆ రేణువులు ఎవరు సరఫరా చేస్తారు, పాథాలజిస్టు సంతకం ఎక్కడ పెడతాడు, డబ్బు ఎవరి ఖాతాలోంచి వస్తుంది, వీటికి జవాబులు పేపర్లో ఉండవు. నీ మెషిన్‌కీ ఇవే ప్రశ్నలు. వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సీడీఎస్‌సీఓ లైసెన్సు ఎప్పటికి? ఆరోగ్యశ్రీలో దీనికి చోటెక్కడ? రాత్రి రెండింటికి ఐసీయూలో తీసిన బొమ్మ ఎవరు చదువుతారు? 1.5 టెస్లా మీద చదువుకున్న రేడియాలజిస్టుకి ఈ బొమ్మ వేరే యాసలా ఉంటుంది. టీ1 విలువలు మారిపోతాయి, కాంట్రాస్టు మారిపోతుంది. ఆయనకి నేర్పే బాధ్యత కూడా మీదే.

ఇంకో సంగతి, జాగ్రత్తలు సడలిపోతాయి. గది లేదు, తలుపు లేదు, ఎర్ర దీపం లేదు కాబట్టి అందరూ ఇది ఉత్త ఫ్యాను అనుకుంటారు. 0.064 టెస్లా అంటే భూమి క్షేత్రానికి వెయ్యి రెట్లకు పైనే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఇదీ నిషిద్ధమే. దగ్గరికి తెస్తే కత్తెర లాక్కుంటుంది. నా గదికి కాపలా తలుపే. నీ మెషిన్‌కి కాపలా ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు, ఆవిడకి అప్పటికే ఎనిమిది మంచాలు ఉంటాయి. కాబట్టి ఆవిడకి అర్థమయ్యే తెలుగులో, పెద్ద అక్షరాల్లో, మెషిన్ మీదే రాసి ఉండాలి. ఇంగ్లీషు మాన్యువల్ మూడు వందల పేజీలు ఇచ్చి చేతులు దులుపుకోకండి.

అందుకని నా సలహా ఇది. చేరేది ఎక్కడైనా, చేరే ముందు ఇక్కడికి రా. మా ఐసీయూ డాక్టరుగారితో మాట్లాడతాను, కాదనరు. రాత్రి డ్యూటీలు చెయ్యి, ఓ మూల నిలబడి చూడు. పేషెంటును కిందికి దించాలన్నప్పుడు సిస్టర్ల ముఖాలు చూడు. ఏ పేషెంటు విషయంలో డాక్టర్లు "స్కాను చేస్తే బాగుండేది, కానీ కదిలించలేం" అన్నారో రాసుకో. అది నీ మెషిన్‌కి నిజమైన స్పెసిఫికేషన్. మంచానికీ గోడకీ మధ్య ఎంత జాగా ఉంటుందో టేపుతో కొలుచుకో. మన దగ్గర అది అమెరికా ఐసీయూలో ఉన్నంత ఉండదు. స్వూప్‌ని ఇక్కడికి తెస్తే ఏ మంచాల దగ్గరికి పోతుందో, ఏ మంచాల దగ్గరికి పోలేదో ఒక్క రాత్రిలో చెప్పగలుగుతావు. మీ బెంగళూరు వాళ్లలో ఎవరైనా ఆ కొలత తీశారా? తీసి ఉండరనే నా అనుమానం.

పెద్ద కంపెనీ ఉద్యోగం చెడ్డదని అననమ్మా. దాంట్లో రెండు మూడేళ్లు చేస్తే గ్రేడియెంటు ఎందుకు కాలుతుందో, కాయిల్ ఎందుకు చచ్చిపోతుందో చేత్తో తెలుస్తుంది, ఆ జ్ఞానం ఎక్కడికెళ్లినా నీతోనే ఉంటుంది. అన్నయ్య మాటలో న్యాయం ఉంది. కానీ నీ వయసులో, నీ చదువుతో, ఇవాళ ఏ బొమ్మా అందని మనుషుల కోసం పనిచేసే అవకాశం వచ్చినప్పుడు వదులుకోమని నా నోటితో చెప్పలేను. వదిన బెంగపడితే నాతో మాట్లాడించు.

సంతకం పెట్టే ముందు ఆ చిన్న కంపెనీ పెద్దమనిషిని ఒక్కటి అడుగు. మీ మెషిన్ లేదని చెప్పి, తరవాత సీటీలోనో పెద్ద ఎంఆర్ఐలోనో ఉందని తేలిన కేసుల రిజిస్టరు ఉందా, చూపిస్తారా అని. ఉందని చూపిస్తే చేరిపో, నా ఓటు నీకే. అలాంటివి మాకు రాలేదంటే మాత్రం అన్నయ్య మాట విను.

ఆశీస్సులతో,
బాబాయి